ముంతలో ఎంత

నాకు ఎక్స్ మొదట పరిచయమైంది తప్పు గుర్తుగా.
నోటుపుస్తకం అంచున, ఎర్రసిరాతో, అడ్డంగా రెండు గీతలు.
ఎనిమిదో తరగతిలో అదే గుర్తు
లెక్క మధ్యలో దర్జాగా కూర్చుని
నా విలువెంతో చెప్పు అంటే
నోరు పెగల్లేదు.
నేను చేసిన తప్పేమిటో
ముందు నువ్వు చెప్పు అనాలనిపించింది.

అందుకే పెద్దజాలరిపేట బడిలో
రెండో తరగతి పిల్లల ముందు ఎక్స్ అనలేదు.
బీజగణితమని అసలే అనలేదు.
కురుపాం మార్కెట్లో కొన్న రెండు మట్టి ముంతలు
మూతికి పాతచీర గుడ్డ కట్టి
బల్ల మీద పెట్టాను. పక్కన మూడు గోళీలు.
"రెండిట్లోనూ సమానంగా ఉన్నాయి.
ఇవీ అవీ కలిపితే పదకొండు.
విప్పకుండా చెప్పాలి."

తాతాజీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.
దానియేలు వాసన చూశాడు.
"ఇప్పేస్తే అయిపోద్ది కదండీ" అన్నాడు మసేను.
నూకరత్నం మాత్రం లేచొచ్చి
బయటి మూడు గోళీలూ తీసి గౌను జేబులో వేసుకుంది.
"ఇవి నేవనుకోండి. ఎనిమిది.
రెండింటికీ పంచీండి."
నాలుగు!
(ఆ మూడు గోళీలూ మళ్ళీ నా కంటపడలేదు.)

గుమ్మంలో హెడ్మాస్టరు పైడిరాజు గారు.
"ఏడో క్లాసు సరుకు ఇప్పుడే ఎందుకమ్మా,
పాలపళ్ళైనా ఊడనివ్వండి."

ఏం చెప్పను?
చేతికి తగిలే తాడు బిగువుని బట్టి
నీళ్ళ కింద వలలో ఎన్ని తట్టలున్నాయో
చెప్పే తండ్రులు వీళ్ళవాళ్ళు.
గోనె కప్పిన కానాగంతల తట్టకి
తెల్లారకుండా హార్బరులో పాట పాడే తల్లులు.
కనబడనిదాన్ని పట్టుకుని లెక్క కట్టడం
ఈ వీధుల్లో వంటకంటే పాత పని.
నేను తెచ్చింది ముంతలే.

వారం తిరిగేసరికి బోర్డు మీద ముంత బొమ్మలు.
రెండు ముంతలు, పది గోళీలు,
కలిపితే పద్నాలుగు అని రాయబోయాను.
సుద్దముక్క విరిగిందో, కిటికీలోంచి
గాలికి కళ్ళలో ఇసక పడిందో,
నాలుగు అని మాత్రమే రాశాను.
పది పైన కలిపితే నాలుగా!
నాలిక కరుచుకుని డస్టరు ఎత్తాను.

"సెరపకండి టీచర్."

మళ్ళీ నూకరత్నమే.
వేళ్ళు ముడుస్తోంది, తెరుస్తోంది,
గోడ మీద పాకే చీమని చూస్తోంది.
"ఒక్కో ముంతలో మూడు అప్పున్నాది."

ఎవరూ నవ్వలేదు.
నేనూ నవ్వలేదు.

"మాయమ్మ కొంగులో పదుంటే
ఐసు ఫేక్టరీకి మూడు, బోటు ఓనరుకి మూడు.
నాలుగే కదండీ ఇంటికొచ్చీది."

నాలుగేళ్ళ తర్వాత రావాల్సిన పాఠం
గౌనుకి పిన్నీసు పెట్టుకుని
నా ముందు నిలబడింది.
ముంత ఖాళీగా ఉండొచ్చునని
చెప్పడానికే నేను భయపడుతున్నా.
ఖాళీ కంటే కిందికి ఒక అడుగుందని
ఆ పిల్లకి ఏ పుస్తకమూ చెప్పలేదు.
ఆ సంఖ్యకి ముందు ఓ చిన్న గీత పెడతారని
ఆ రోజు నేనూ చెప్పలేదు.
బొమ్మ కింద, సుద్దతో, ఆమె మాటే రాశాను:
మూడు అప్పు.
పైడిరాజు గారు వచ్చి చూశారు.
చాలాసేపు చూశారు.
"డ్రాయింగా?" అని అడుగుతారనుకున్నాను, అడగలేదు.

సాయంత్రం గది ఊడుస్తూ
బల్ల మీది ముంతల్ని కదిపాను.
మొదటిరోజు నాలుగేసి పోసి కట్టినవి,
మళ్ళీ ఎవరూ విప్పనివి.
ఒకటి తేలిగ్గా తగిలింది.
విప్పి చూస్తే
ఒక దాంట్లో నాలుగు.
రెండో దాంట్లో మూడు.

ఆ రెండో ముంత ముడి నేను వేసింది కాదు.
వల అల్లే చేతుల ముడి.
విప్పడానికి
నాకు చాలాసేపే పట్టింది.